తలుపు పక్క కుర్చీ

నా గొడవంతా గంట మేడంతోనే. అత్తగారితో ఉన్నది గొడవ కాదు, అలవాటు. మా ఆయనతో ఉన్నదీ గొడవ కాదు, సంసారం. ఈ గంట మేడం మాత్రం నలభై రెండేళ్ళ దాన్ని, నా కూతురి ఈడు పిల్లల ముందు నిలబెట్టి, ఒక్క కుర్చీ కోసం ఫెయిల్ చేసింది. పుస్తకంలో తప్పు రాస్తే ఫెయిల్ చెయ్యి, పడతాను. నోరు జారితే ఫెయిల్ చెయ్యి, పడతాను. కూర్చున్నందుకు ఫెయిల్ చేస్తారా ఎక్కడైనా?

నేను చదువుతున్నది ఎం.ఏ. ఇంట్లోనో బయటో హింస పడి వచ్చిన ఆడమనిషితో ఎలా మాట్లాడాలి, ఎవరి దగ్గరికి పంపాలి, పోలీసుకీ ఆసుపత్రికీ కోర్టుకీ మధ్య ఆమె నలిగిపోకుండా ఎలా పక్కన నిలబడాలి, ఇదీ ఆ చదువు. రెండేళ్ళు, సాయంత్రం క్లాసులు. పగలు ఆసుపత్రిలో ఓపీ కౌంటరు దగ్గర ఉద్యోగం. పదహారేళ్ళుగా అదే అద్దం, అదే కన్నం. కన్నం అవతల ఒక ఆడమనిషి కమిలిన మొహంతో నిలబడుతుంది. "ఏమైందమ్మా?" అంటాను. ఆమె నోరు తెరుస్తుంది, వెనకనుంచి మొగుడు జవాబు చెబుతాడు. "బాత్రూంలో జారిందండీ." నేను కంప్యూటర్లో జారింది అనే కొడతాను. ఊళ్ళో బాత్రూములన్నీ ఇంత నున్నగా ఉంటే మగాళ్ళెవరూ జారరేం అని ఒకనాడు అనుమానం వచ్చింది. ఆ అనుమానమే నన్ను ఈ చదువుకి లాక్కొచ్చింది. ఇక ఆ కన్నం ఇవతల ఊరికే కూర్చుని వేళ్ళు అరగదీసుకోవడం నావల్ల కాలేదు.

ఆఖరి పరీక్ష రాతపరీక్ష కాదు. చిన్న గది, రెండు కుర్చీలు, మధ్యన బల్ల. నాటకాలు వేసే ఒకావిడని కాలేజీవాళ్ళు పిలిపిస్తారు. ఆవిడ బాధితురాలిగా వస్తుంది, మనం మాట్లాడాలి. మూలన మేడం కూర్చుంటుంది, క్లాసు పిల్లలు గోడ వారన నిలబడి చూస్తారు. చేతిలో హోటల్ కౌంటరు మీద ఉండేలాంటి గంట. తప్పు చేస్తే టింగుమంటుంది. అందుకే ఆ పేరు. "ఇన్నేళ్ళూ ఎందుకు భరించావమ్మా?" అన్నవాడికి టింగు. "నీ స్థానంలో నేనుంటేనా" అన్న పిల్లకి రెండు టింగులు. నా వంతు వచ్చింది. లోపలికి వెళ్ళాను, నమస్కారం పెట్టాను, కూర్చున్నాను. టింగు.

"మేడం, నేనింకా నోరు తెరవలేదు."

"నోటికి కాదు కొట్టింది. ఎక్కడ కూర్చున్నావో చూసుకో."

చూసుకున్నాను. తలుపు పక్క కుర్చీలో ఉన్నాను. వచ్చినావిడ పాపం గోడవైపు కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. ఆమెకీ తలుపుకీ మధ్య నేను. ఇది మాకు చెప్పిన మొట్టమొదటి పాఠం. వచ్చిన మనిషిదే తలుపు పక్క కుర్చీ. ఆమెకీ గుమ్మానికీ మధ్య ఎవరూ ఉండకూడదు, బల్లయినా ఉండకూడదు. పారిపొమ్మని కాదు. లేచిపోగలనని తెలిస్తేనే మనిషి కుదురుగా కూర్చుని మాట్లాడుతుంది. ఈ పాఠం మీద ఎనిమిది పేజీలు రాసి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే.

"మరి ఎందుకు కూర్చున్నావక్కడ?" అంది మేడం.

అబద్ధం చెప్పాలన్నా ఏమీ తోచలేదు. "ఆవిడకి మంచినీళ్ళు కావాలంటే లేచి తేవడానికి వీలుగా ఉంటుందని."

పిల్లలు ఘొల్లుమన్నారు. ఏడవాల్సిన నాటకాలావిడ కూడా నవ్వింది. మేడం ఒక్కతే నవ్వలేదు. "నీళ్ళు బల్ల మీదే ఉన్నాయి" అంది. ఉన్నాయి. గ్లాసు మీద మూత కూడా ఉంది.

"పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రా. ఈలోగా పుస్తకం ముట్టుకోకు. ఇంట్లో తలుపు పక్కన కూర్చోవడం మానెయ్యి. అంతే నీ చదువు."

బస్సులో దారి పొడుగునా తిట్టుకున్నాను. ఆవిడకేం, ఇంట్లో వంటమనిషి ఉండి ఉంటుంది. నాలాంటిది గోడవైపు కూర్చుంటే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో ఆవిడకేం తెలుసు?

మా ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన ఒక మూడు కాళ్ళ స్టూలుంది. నేను కాపురానికి వచ్చిన రోజు అత్తగారు దాన్ని పాదంతో నావైపు తోసి, "ఇక్కడ కూర్చో అమ్మాయ్, అందరికీ అందుతావు" అంది. అంతకుముందు అది ఆవిడది. ఆ పూట ఆవిడ బల్ల దగ్గర కుర్చీకి ఎక్కింది, నేను స్టూలుకి దిగాను. ఉద్యోగంలో ప్రమోషను ఇచ్చినట్టే జరిగింది, కాగితం ఒక్కటే తక్కువ. బల్లకి నాలుగు కుర్చీలు. ఇప్పుడు కూతురు హాస్టల్లో ఉంది కాబట్టి ఇంట్లో ఉన్నది ముగ్గురం. అయినా నేను స్టూలు మీదే తింటాను. ఒళ్ళో కంచం, ఒక కాలు వంటింట్లో, ఒక కాలు హాల్లో. మరి మూడో కుర్చీలో ఎవరు, నాలుగో కుర్చీలో ఎవరు అంటారా? ఒకదాంట్లో పాత పేపర్లు, ఒకదాంట్లో మా ఆయన హెల్మెట్టు.

మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో సూపర్‌వైజరు. చెడ్డమనిషి కాదు. ఆ మాట నాకు అందరూ చెప్పారు, నేనూ అందరికీ చెప్పాను. చెయ్యి ఎత్తడు, తాగడు, జీతం దాచడు. ఈ మూడూ చెయ్యనివాడు ఇంకేమీ చెయ్యక్కర్లేదని ఎక్కడో రాసి ఉన్నట్టుంది. ఎం.ఏ.లో చేరతానన్నప్పుడు, "ఊళ్ళోవాళ్ళ సంసారాలు బాగుచేసే చదువా? మన సంసారానికి టిఫిను టైముకి అందితే చాలు" అన్నాడు. అది అనుమతి అని నాకు అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. అత్తగారు మాత్రం, "అలాంటి కథలు రోజూ వింటే మనసు పాడవుతుందే. అయినా మొగుడూ పెళ్ళాల మధ్యకి వెళ్ళినవాడు గిన్నెలో గరిట లాంటివాడు, రెండువైపులా కాలుతుంది" అంది. రెండువైపులా కాలే గరిట ఆ ఇంట్లో అప్పటికే ఒకటుందని నేను అనలేదు.

మేడం చెప్పిన హోంవర్కు ఆ రాత్రి భోజనాల దగ్గరే మొదలుపెట్టాను. పేపర్లు తీసి కింద పెట్టి, గోడవైపు కుర్చీలోకి దూరి కూర్చున్నాను.

"పేపర్లు ఎక్కడ పడేశావే?" అంది అత్తగారు. నేనెందుకు కూర్చున్నానని అడగలేదు, పేపర్లు ఎందుకు లేచాయని అడిగింది.

మా ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా స్టూలు వైపు తిరిగి, "కూర" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయనకి నాతో పూర్తి వాక్యం అవసరం పడింది తక్కువ. కూర, తువాలు, చొక్కా, ఫోను. ఎవరూ పలక్కపోయేసరికి తల ఎత్తి చూశాడు. నేను లేవబోయాను. గోడవైపునుంచి బయటికి రావాలంటే అత్తగారు లేవాలి. "కూర కోసం నా మోకాళ్ళు విరగ్గొడతావా?" అని ఆవిడ లేచింది. కూర తెచ్చి, మళ్ళీ ఆవిణ్ణి లేపలేక స్టూలు మీద కూలబడ్డాను. మూడు నిమిషాలు కూడా కాలేదు. నా బుర్రలో టింగుమంది. ఇంట్లో కూడా ఫెయిల్.

అలా నాలుగు రోజులు ఫెయిలయ్యాక ఆడపడుచు వచ్చింది.

ఎడం చేత్తో సంచి పట్టుకుని వచ్చింది. కుడిచెయ్యి కట్టుగుడ్డలో మెడకి వేలాడుతోంది. మా ఆయనకి ఒక్కతే చెల్లెలు, నాకంటే ఏడేళ్ళు చిన్న. "మెట్ల మీద పడ్డాను" అంది గుమ్మంలోనే, ఎవరూ అడగకముందే. నాకు కన్నం, అద్దం కళ్ళముందు మెదిలాయి. అత్తగారు ఆమె తల నిమిరి, "అల్లుడుగారు రాలేదే?" అంది. అరగంటలో ఆయన ఫోన్ వచ్చింది. అలిగి వచ్చిందనీ, ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తాననీ, పెద్దవాళ్ళు నాలుగు మాటలు చెప్పి పంపాలనీ.

ఆ అల్లుడుగారికి డ్రైవింగు స్కూలుంది. వరసకి నాకు అన్నయ్య అవుతాడు. నోరు తెరిస్తే "చెల్లెమ్మా" అంటాడు, తేనె కారుతుంది. నేర్పే కార్లలో ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. కలిసిన ప్రతిసారీ అదే జోకు: "మీ ఆడపడుచుకీ అంతే చెల్లెమ్మా, నా వైపు బ్రేకు లేకపోతే ఎప్పుడో గోతిలో పడేది." అందరం నవ్వేవాళ్ళం. ఊరంతటికీ కారు నేర్పినవాడు పెళ్ళానికి సైకిలైనా నేర్పలేదని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఎంత చదివి ఏం లాభం.

మర్నాడు రాత్రి మా ఆయన నాతో పూర్తి వాక్యం మాట్లాడాడు. పైగా బతిమాలుతున్న గొంతు. "నువ్వు చదివిందే ఇది కదా. దాన్ని కూర్చోబెట్టి రెండు మంచిమాటలు చెప్పు. ఆదివారం బావ వచ్చేసరికి మెత్తబడి ఉండాలి. అచ్చు పడ్డాక తప్పులు దిద్దలేమోయ్, పెళ్ళీ అంతే. సర్దుకుని చదువుకోవాలి."

"రెండేళ్ళ ఫీజు ఇన్నాళ్ళకి గిట్టుబాటు అయింది" అంది అత్తగారు సంతోషంగా.

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. ఆ ఇంట్లో నా చదువుకి మొదటిసారి పని దొరికింది, అదీ ఒక మనిషిని తిరిగి ఆ కారు ఎక్కించే పని. ఆదివారం సాయంత్రం ఆమె ఎక్కుతుందా, ఎక్కదా? ఎక్కితే నా చేతులమీదుగా ఎక్కినట్టే. మన మనిషి కేసు మనం పట్టకూడదని పాఠంలో ఉంది, డాక్టరు సొంతబిడ్డ కడుపు కోయనట్టే. పాఠం బాగానే ఉంది. ఆ డాక్టరుని ఎవరూ పీటలమీద కూర్చోబెట్టి కొయ్యి కొయ్యి అనరు కదా. పొద్దున్నే ఆసుపత్రి వరండాలోంచి మేడంకి ఫోన్ చేశాను. తిట్టుకున్న మనిషికే చేశాను, వేరే ఎవరున్నారు నాకు?

"ఆదివారం అందరూ కూర్చుని మాట్లాడి పంపేస్తారట మేడం."

"కొట్టినవాడినీ దెబ్బతిన్న మనిషినీ ఒక గదిలో పెట్టి రాజీ చెయ్యకూడదు. తెలుసుగా నీకు. ఆపగలవా?"

"ఆపలేను."

"ఆ అమ్మాయి ఏమంటోంది?"

వరండాలో స్ట్రెచరు వస్తుంటే గోడకి ఒదిగాను.

"అడిగావా?"

అడగలేదు. రెండు రోజులుగా ఆమెకి అన్నం కలిపి పెట్టాను, జడ వేశాను, ఆమెని ఎలా కాపాడాలా అని మనసులో వంద ఎత్తులు వేశాను. అడగడం మాత్రం మర్చిపోయాను. ఫోనులో గంట లేదు, అయినా వినబడింది.

"నువ్వు ఆ ఇంట్లో కౌన్సిలరువి కావు, వదినవి" అంది మేడం. "వదిన చెయ్యగలిగింది చెయ్యి. కేసు నర్సుకి అప్పగించు."

నర్సంటే మా క్లాసులో నా పక్కన కూర్చునే పొడుగాటి పిల్ల. పగలంతా ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ చేసి సాయంత్రం క్లాసుకి వచ్చి, మధ్యలో కునుకు తీసి, లేవగానే సరైన జవాబు చెప్పే మనిషి.

సాయంత్రం అత్తగారు మందుల షాపుకి వెళ్ళిన సమయంలో గిన్నెలు తోముతూ ఆడపడుచుని అడిగాను. "నీకేం కావాలి?"

"టీనా కాఫీనా అన్నట్టు అడుగుతున్నావేంటి వదినా" అని నవ్వింది.

నేను నవ్వలేదు, మాట అందించలేదు. కుళాయి కట్టేశాను. మాటకీ మాటకీ మధ్య వచ్చే ఖాళీని మన మాటలతో పూడ్చకూడదని మాకు నేర్పారు. నేర్చుకోవడం తేలికే, చెయ్యడమే కష్టం. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో అందరి సగం మాటలూ నేనే పూర్తిచేశాను. నాలుక కొరుక్కుని నిలబడ్డాను. కుళాయిలోంచి చివరి చుక్క పడింది.

"ఆయన కొట్టడు వదినా, నువ్వనుకున్నంత" అంది చివరికి. "గది తలుపుకి కుర్చీ ఆనించి కూర్చుంటాడు. నెమ్మదిగా మాట్లాడతాడు. నేను సరే అనేదాకా లేవడు. పొద్దుట మొదలుపెడితే మధ్యాహ్నం అవుతుంది. బాత్రూంకి వెళ్ళాలన్నా సరే అనాలి. దేనికి సరే అంటున్నానో కూడా ఒక్కోసారి గుర్తుండదు. మొన్న అనలేదు. కుర్చీ పక్కనుంచి తలుపు లాగబోయాను. చెయ్యి పట్టుకుని మెలి తిప్పాడు. తర్వాత ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆయనే మెట్లు అని చెప్పాడు."

కుర్చీ. మళ్ళీ అదే.

"నువ్వు చెప్పు వదినా, వెళ్ళనా, మాననా?"

వద్దు, ఛస్తే వెళ్ళొద్దు అని గొంతుదాకా వచ్చింది. మింగాను. ఇంకొకరు ఆమె బదులు జవాబు చెబితే నేనూ ఆ కన్నం అవతల వెనక నిలబడ్డ మనిషినే అవుతాను. "ఆదివారం నువ్వు అక్కడ కూర్చోకపోయినా ఫర్వాలేదు. నా క్లాసులో నర్సు ఒకమ్మాయి ఉంది, మాట్లాడాను, వాళ్ళింట్లో ఉండొచ్చు, నేను దిగబెడతాను" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "రానని చెప్పాలి. నా నోటితో, అమ్మా అన్నయ్యా వినేటట్టు. ఎప్పుడు చెప్పబోయినా, 'ఈవిడ ఏమంటోందంటే' అని ఆయనే మొదలెడతాడు. ఒక్కసారి నా మాట చివరిదాకా పోనివ్వాలి. కానీ ఆయన తలుపువైపు ఉంటే నాకు గొంతు పెగలదు వదినా. అంతే, బిగుసుకుపోతుంది."

"ఆ తలుపు సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఆ పూట గంట మేడం మీద కోపం పోయింది. ఇంట్లో తలుపు పక్కన కూర్చోవడం మానెయ్యమన్నప్పుడు, నేను లేస్తే ఆ చోటు ఎవరికో పనికొస్తుందని నాకు తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం హాలంతా జరిపేశాను. సోఫాని లోపలి గోడకి నెట్టాను. దాని ముందు బరువైన టీపాయి పెట్టాను, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. అత్తగారికి పక్కన కుర్చీ. వీధి తలుపు పక్కన ఒకే ఒక్క కుర్చీ, తలుపు బార్లా తీసి. టీపాయి మీద నీళ్ళ జగ్గు పెట్టబోయి ఆగాను. ఎందుకో అది పెట్టలేదు.

"సోఫా ఎందుకు జరిపావు?" అన్నాడు మా ఆయన.

"అక్కడైతే బావుంటుందని."

"ఎవరికి?"

"ఆదివారం కదండీ, చూద్దాం" అన్నాను. జవాబుకీ ప్రశ్నకీ సంబంధం లేకపోయినా ఆయన తలూపాడు. పేపరు చదివేటప్పుడు ఏం చెప్పినా తలూపుతాడు.

అన్నయ్యగారు చెప్పిన టైముకే వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, నవ్వుతూ లోపలికి వచ్చి, నేరుగా తలుపు పక్క కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. "హమ్మయ్య, ఇక్కడ గాలి బాగా వస్తుంది."

"అది మీ ఆవిడ కుర్చీ అన్నయ్యగారూ. మీరు సోఫాలోకి రండి, పెద్దవారు" అన్నాను.

"కుర్చీలకి పేర్లు పెట్టావా చెల్లెమ్మా? సినిమా హాలా?"

"అవునండీ, టిక్కెట్లు కూడా నేనే చింపుతున్నాను" అన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. ఒకవైపు మా ఆయన, ఇంకోవైపు నేను. ముందు టీపాయి. నేను సోఫాలో కూర్చోవడం చూసి అత్తగారి కనుబొమలు పైకెళ్ళాయి. వంటింటి గుమ్మం పక్కన స్టూలు ఖాళీగా ఉంది. ఆడపడుచు గదిలోంచి వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఒకసారి పక్కకి తిరిగి వాకిలి చూసుకుంది. కింద మెట్ల దగ్గర నర్సు స్కూటరు ఆపుకుని ఉందని మా ఇద్దరికే తెలుసు.

ఆయన మొదలుపెట్టాడు. ఎంత చక్కగా మాట్లాడాడో. తన తప్పు కూడా ఒకటి రెండు ఒప్పుకున్నాడు, కోపం కొంచెం ఎక్కువ అని, పని ఒత్తిడి అని. అత్తగారి కళ్ళు చెమర్చాయి. "బంగారంలాంటి మనిషివి బాబూ" అంది. మా ఆయన నావైపు చూశాడు. ఇక నువ్వు అందుకో అన్నట్టు. నేను ఆడపడుచు వైపు చూశాను.

"నేనొకటి చెప్పాలి" అంది ఆమె.

"ఈవిడ ఏమంటోందంటే అత్తయ్యా..."

చేతికున్న ఉంగరంతో టీపాయి అద్దం మీద కొట్టాను. టింగు.

"ఏంటి చెల్లెమ్మా?"

"ఆమె మాట ఇంకా అవలేదు అన్నయ్యగారూ."

ఆయన నవ్వాడు. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. "చెయ్యి మెట్ల మీద..."

"మెట్ల మీద నీళ్ళున్నాయని నేను ముందే..."

టింగు.

ఈసారి ఆయన నవ్వలేదు. హాల్లో గాలి బిగుసుకుంది. అలాంటప్పుడు ఆ ఇంట్లో ఎప్పుడూ జరిగేదే జరిగింది. అత్తగారు కొంగు దొరికినట్టు ఒక మాట పట్టుకుంది. "అమ్మాయ్, అల్లుడుగారికి మంచినీళ్ళు తే."

నా కాళ్ళు లేవబోయాయి. నిజం చెబుతున్నాను, మనసు కంటే ముందు మోకాళ్ళు లేచాయి. నేను లేస్తే ఆయన పక్కన చోటు ఖాళీ. ఒక్క అడుగు, ఆయన తలుపు దగ్గర ఉంటాడు. సోఫా అంచు పట్టుకుని కూర్చున్నాను. నేను చెయ్యాల్సిన పని అంతా ఆ క్షణాన కూర్చోవడమే. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అంత బరువు పని ఇంకోటి చెయ్యలేదు.

"అమ్మాయ్, నిన్నే."

నేను పలకలేదు, లేవలేదు. మాటల మధ్య ఖాళీని పూడ్చలేదు. మా ఆయన స్టూలు వైపు చూశాడు, నావైపు చూశాడు, మళ్ళీ స్టూలు వైపు చూశాడు. ఆ ఖాళీ ఆయనవల్ల కాలేదు. తనే లేచి వంటింట్లోకి వెళ్ళాడు. టీపాయి మీదున్న ఆయన హెల్మెట్టుని కూర్చున్నచోటునుంచే చెయ్యి చాపి ఆయన లేచిన చోట పెట్టాను, ఎందుకైనా మంచిదని.

వంటింట్లోంచి కేక వచ్చింది. "గ్లాసులు ఎక్కడున్నాయి?"

"పొయ్యి పైన అర" అన్నాను. ఆ గ్లాసులు ఆయన పుట్టకముందునుంచీ అక్కడే ఉన్నాయి.

అప్పుడు ఆడపడుచు మాట్లాడింది. గొంతు పెద్దదేం కాదు. "మెట్లు కాదమ్మా. చెయ్యి ఈయన మెలితిప్పాడు. తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నేను సరే అనేదాకా గదిలోంచి పోనివ్వడు. ఆరేళ్ళనుంచీ ఇంతే. నేను రాను. కోపం తగ్గాక వస్తానని కాదు, రాను."

"ఏం మాటలే అవి" అంది అత్తగారు.

"నా మాటలేనమ్మా. ఎప్పుడూ విననివి."

మా ఆయన రెండు చేతుల్లో రెండు గ్లాసులతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. అన్నయ్యగారు లేవబోయి మోకాళ్ళు టీపాయికి కొట్టుకున్నాడు. "బావా, నీ చెల్లెలు ఏం వాగుతోందో విన్నావా? మాట్లాడవేం?"

మా ఆయన గుమ్మంలోంచే, "మెట్లు కాదా?" అన్నాడు. బావని కాదు, చెల్లెల్ని.

"కాదన్నయ్యా."

"చెల్లెమ్మా, కొంచెం జరుగు" అన్నాడు అన్నయ్యగారు నాతో. తేనె ఎండిపోయింది.

"ఆమె చెప్పడం అయిందా అడగండి."

నేను జరగలేదు. ఆడపడుచు తొందరపడలేదు. వెనక తలుపు బార్లా తీసి ఉంది, మెట్లు కనబడుతున్నాయి, కావాలంటే ఎప్పుడైనా లేచిపోవచ్చు. ఆమె కూర్చునే ఉంది. నా ఎనిమిది పేజీల అర్థం ఏంటో ఆమె కూర్చున్న తీరు చూస్తే గాని నాకు తెలియలేదు.

"అయింది వదినా" అని లేచింది. తలుపు దాటి మెట్లమీదికి వెళ్ళింది, కింద నర్సు ఉన్నచోటికి. అప్పుడు నేను కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాను. అన్నయ్యగారు వెళ్తూ వెళ్తూ చాలా అన్నాడు. ఈ ఇంటి గడప తొక్కనన్నాడు, నా చదువు సంగతి మా ఆసుపత్రికి వచ్చి తేలుస్తానన్నాడు, ఆడవాళ్ళకి ఇద్దరికీ బ్రేకులు లేవన్నాడు. కింద స్కూటరు పక్కన పొడుగాటి పిల్ల నిలబడి తననే చూస్తుంటే గొంతు తగ్గించి కారెక్కాడు. కారు వీధి మలుపు తిరిగాక ఆడపడుచు మెట్లెక్కి పైకి వచ్చింది. తనంతట తను వచ్చి, అదే కుర్చీలో కూర్చుంది. రేపు నర్సుతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళి, మెట్లు అని చెప్పినచోట నిజం చెప్పి వస్తానంది. నేను తోడు రానక్కర్లేదట. "ఆవిడ నీకు వదిన, కేసు చూసే మనిషి కాదు" అని నర్సు చెప్పిందట.

అత్తగారు కొంతసేపు ఏడ్చింది, కొంతసేపు నన్ను తిట్టింది. "అల్లుడు గుక్కెడు నీళ్ళయినా తాగకుండా పోయాడు. ఇల్లు కూల్చే చదువు చదివావే." నేను కాదనలేదు. ఏ ఇల్లు అన్నది ఆవిడే తేల్చుకోవాలి. వచ్చే వారం నా పరీక్ష మళ్ళీ ఉంది. భయం లేదు. గది ఎలా ఉంటుందో తెలుసు, ఏ కుర్చీ ఎవరిదో ఇప్పుడు నా మోకాళ్ళకి కూడా తెలుసు. గంట మేడం ఈసారి ఆ గంటని సంచిలో పెట్టుకుని రావచ్చు.

మా ఆయన ఇంకా రెండు గ్లాసులూ పట్టుకునే ఉన్నాడు. ఎవరికివ్వాలో తెలియడం లేదు. ఒకటి చెల్లెలికి ఇచ్చాడు. రెండోది నావైపు చాపాడు. అందుకున్నాను. తాగాను. ఆయన కూర్చోవడానికి చుట్టూ చూశాడు. సోఫాలో ఆయన చోట హెల్మెట్టు ఉంది, దాన్ని తియ్యడం తోచలేదో ఏమో, వంటింటి గుమ్మం పక్కన అందినదాని మీద కూలబడ్డాడు. నేను ఆ ఇంటికి వచ్చిన ఇరవై ఏళ్ళకి, ఆ సాయంత్రం నేను పోగొట్టుకున్నది అంతా కలిపి లెక్కేస్తే ఒక్కటే: మూడు కాళ్ళ స్టూలు.